గోదావరి డెల్టాలో బంగాళాదుంప వేపుడు: దుంప కొనడం నుంచి విస్తరిలో వడ్డించడం దాకా

వేపుడు మెత్తబడినా, మూకుడుకి అంటుకున్నా, ముక్కలు చిదిరిపోయినా మన ఇళ్ళలో ముందు నింద పడేది నూనె మీద. "ఇంకో గరిటె పోయాల్సింది" అంటారు. ఆ గరిటె కూడా పోసి చేస్తే మర్నాడూ అదే తంతు. అసలు గొడవ నూనెది కాదు, నీళ్ళది. బంగాళాదుంపలో దాదాపు అయిదింట నాలుగు వంతులు నీరే. దానికి తోడు మన గాలి. ధవళేశ్వరం దిగువన కాలవలు, చేలు, చెరువులు, ఆ పైన సముద్రం. వానాకాలంలో దండెం మీద తువ్వాలు రెండు రోజులకి గానీ ఆరదు. ఈ గాలిలో వేపుడు కరకరలాడాలంటే దుంపలోని నీటిని ఎప్పుడు, ఎలా, ఏ వరసలో బయటికి పంపాలో తెలియాలి. ఇక్కడ ఎక్కువగా చెప్పబోయేది ఆ వరస గురించే. ఉప్పూ కారాల లెక్క చిన్నది, అది చివర్లో వస్తుంది.

కొలతలన్నీ నలుగురికి. ముప్పావు కిలో దుంపలు తీసుకోండి. చూడ్డానికి ఎక్కువే అనిపిస్తాయి గానీ తొక్క పోయి, నీరు పోయి, వేగాక బరువు సగానికి దగ్గరగా వస్తుంది. అరకిలో వండి నలుగురికి పెట్టబోతే చివరి ఇద్దరికీ మూకుడు గోకుడే మిగులుతుంది.

ఏ నెల దుంప?

బంగాళాదుంప మన నేల పంట కాదు. కంద, చేమ, పెండలం, చిలగడదుంప మన తేమకీ వేడికీ అలవాటు పడినవి. కోనసీమ కొబ్బరితోటల్లో చెట్ల మధ్య కంద వేస్తారు. బంగాళాదుంపకి మాత్రం చల్లటి రాత్రులు కావాలి. 15 నుంచి 20 డిగ్రీల మధ్య దుంప బాగా ఊరుతుంది, 30 డిగ్రీల దగ్గరకొస్తే ఊరడమే ఆగిపోతుంది. మన రాష్ట్రంలో ఎత్తుగా, చల్లగా ఉండే చిత్తూరు వైపు మండలాల్లో పండుతుంది గానీ, మన బజారులో ఎక్కువగా కనిపించేది ఉత్తరాది సరుకే. అక్కడ అక్టోబరు, నవంబరుల్లో వేసి జనవరి నుంచి మార్చి లోపు తవ్వుతారు. తవ్విన దాంట్లో చాలా భాగం కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి, అక్కడి నుంచి ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది.

వేపుడు సగం ఇక్కడే తేలిపోతుంది. కూర దుంపల్ని సాధారణంగా 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచుతారు. ఆ చలికి దుంపలోని పిండి కొద్దికొద్దిగా చక్కెరగా మారుతుంది. అలాంటి దుంపని ఉడకబెట్టి కూర చేస్తే కాస్త తియ్యగా ఉంటుంది, అంతే. వేపితే మాత్రం ఆ చక్కెర దుంపలోని అమైనో ఆమ్లాలతో కలిసి చూస్తుండగానే నల్లబడుతుంది. పైన మాడు, లోపల పచ్చి. మంట తగ్గిస్తే ముక్క మెత్తబడుతుంది, పెంచితే చేదెక్కుతుంది. చిప్స్ కంపెనీల వాళ్ళు తమ దుంపల్ని 10 నుంచి 12 డిగ్రీల దగ్గర ఉంచేది ఇందుకే.

మన క్యాలెండరుతో కలిపి చూస్తే విషయం ఇంకా తేటగా అర్థమవుతుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొత్త దుంప. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడి వస్తుంది. చక్కెర తక్కువ, నీరు కాస్త ఎక్కువ. శ్రావణమాసం పెళ్ళిళ్ళ నాటికి దుంప నెలల తరబడి చలిలో ఉండి వచ్చినదై ఉంటుంది. కార్తీక వనభోజనాల నాటికి ఇంకా పాతబడుతుంది. అంటే వందలమందికి వేపుడు వండే రోజుల్లోనే దుంప అన్నిటికంటే తియ్యగా ఉంటుంది. వనభోజనంలో వేపుడు నల్లగా వచ్చిందంటే పాపం వంటాయన తప్పు సగమే.

కొనేటప్పుడు మొహమాటపడకుండా అడగండి. "కొత్తవా, స్టోరేజీవా?" అంటే మన రైతుబజారు వాళ్ళు దాచరు. "ఆయ్, స్టోరేజీ సరుకేనండి" అని నిజమే చెబుతారు. పట్టుకుంటే చల్లగా, పైన చెమ్మగా ఉంటే అది స్టోరేజీ నుంచి ఇప్పుడే లారీ దిగిన సరుకు. అలాంటివి తెచ్చుకున్నా ఫరవాలేదు, ఆ రోజే వేపకండి. గాలి తగిలే చోట, వెలుతురు పడకుండా, గోనెసంచి మీద వారం పది రోజులు ఆరనివ్వండి. ఇంటి వేడికి ఆ చక్కెరలో కొంత తిరిగి పిండిగా మారుతుంది, కొంత దుంప తనే ఖర్చు పెట్టుకుంటుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. కోల్డ్ స్టోరేజీ చేసిన పనినే ఫ్రిజ్ మళ్ళీ మొదలుపెడుతుంది. ఉల్లిపాయల బుట్ట పక్కన కూడా వద్దు, రెండూ తొందరగా పాడవుతాయి.

అనుమానం తీరాలంటే ఓ చిన్న పరీక్ష ఉంది. ఒక దుంప నుంచి పలచటి చక్రం కోసి కాగిన నూనెలో వేయండి. బంగారు రంగులో ఆగితే ఆ సంచి వేపుడికి పనికొస్తుంది. రెండు నిమిషాల్లోపే గోధుమ మచ్చలు కట్టి నల్లబడితే ఆ సంచిని ఇవాళ ముద్దకూరకి వాడండి, వేపుడు వచ్చే వారం చూసుకోవచ్చు.

ఆకుపచ్చ తిరిగిన దుంపల సంగతి వేరు. ఎండ తగిలి తొక్క పచ్చబడితే అక్కడ సొలనిన్ అనే విషపదార్థం పేరుకుంటుంది. వేపినా ఉడికించినా అది పోదు. కొంచెమే ఉంటే ఆ భాగాన్ని లోతుగా కోసి పారేయండి, ఎక్కువగా ఉంటే దుంపనే పారేయండి. మొలకల కళ్ళు కూడా తవ్వి తీసేయాలి.

గట్టి దుంప, మెత్తటి దుంప

సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాలన్నిటికీ ముందు 'కుఫ్రీ' అని ఉంటుంది. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ బహార్, కుఫ్రీ పుఖ్రాజ్, చిప్స్ కోసమే తయారుచేసిన కుఫ్రీ చిప్సోనా అలాంటివి. మన బజారులో ఈ పేర్లు చెప్పి అమ్మేవాళ్ళు దొరకడం కష్టం. అందుకని పేరు వదిలేసి దుంపనే చూడాలి. లోపల పసుపుగా, నున్నగా ఉండి కోసినప్పుడు కత్తికి నీరు అంటితే అది నీరెక్కువ రకం. ముక్క ఆకారం నిలబడుతుంది గానీ కరకరలాడటానికి మొండికేస్తుంది. తెల్లగా ఉండి కత్తికి పాలలాంటి పిండి అంటితే అది పొడి రకం, పైన చక్కటి పెళుసు కడుతుంది.

ఇంకా ఖాయంగా తెలియాలంటే 11 కప్పుల నీళ్ళలో ఒక కప్పు ఉప్పు కరిగించి దుంపని వేయండి. మునిగితే పిండి ఎక్కువున్నది. తేలితే నీరెక్కువున్నది. మునిగినవి విందు వేపుడికి, తేలినవి పులుసుకీ కూరకీ. రోజూ ఈ పరీక్ష చేసే ఓపిక ఎవరికీ ఉండదు, నాకూ లేదు. పదిమందిని భోజనానికి పిలిచిన రోజు మాత్రం చేసి చూడదగ్గది.

కోత

తొక్క తీయాలా వద్దా అన్నది ఇంటి అలవాటు. కొత్త దుంపకి పీచుతో రుద్దితే చాలు. పాత దుంపకి తొక్క మందమెక్కి చేదుగా ఉంటుంది కాబట్టి తీసేయడమే మంచిది.

రోజువారీ వేపుడికి అర అంగుళం చదరపు ముక్కలు. ఇంతకన్నా పెద్దవైతే లోపల ఉడికేసరికి పైన మాడుతుంది, చిన్నవైతే మొత్తం ఎండిపోయి పళ్ళకి అంటుకుంటాయి. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండటం మాత్రం ముఖ్యం. కత్తిపీట మీద చేయి తిరిగిన వాళ్ళు దుంపని ముందు పలకలుగా, పలకల్ని పుల్లలుగా, పుల్లల్ని ముక్కలుగా కోస్తారు. ఈ వరస పాటిస్తే కత్తిపీట లేకపోయినా చాకుతోనే సమానంగా వస్తాయి. దుంప గుండ్రం వల్ల అంచుల్లో వచ్చే చిన్న చెక్కలన్నీ పక్కన పెట్టి పప్పుచారులో వేసేయండి. మూకుడులో వేస్తే ముందుగా మాడి మిగతావాటికి చేదు అంటించేవి అవే.

కడగడం, ఆరబెట్టడం

చాలామంది తొందరలో దాటేసే మెట్టు ఇది. కోసినప్పుడు తెగిన కణాల్లోంచి పిండి బయటికొచ్చి ముక్క చుట్టూ గంజిలా పడుతుంది. వేడి తగలగానే అది జిగురై ముక్కని ముక్కకీ, ముక్కల్ని మూకుడుకీ అతికిస్తుంది. అందుకని కోసిన ముక్కల్ని వెంటనే నీళ్ళలో వేసి, చేత్తో కలియబెట్టి వంపేయండి. నీళ్ళు తేటగా కనబడేదాకా మూడు నాలుగు సార్లు ఇలా చేయండి. ఆ తర్వాత పావుగంట నాననిస్తే సరిపోతుంది. గంటల తరబడి నానబెట్టక్కర్లేదు.

స్టోరేజీ దుంప తప్ప దొరక్కపోతే ఈ నీళ్ళే మీకు సాయం చేస్తాయి. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో, పొయ్యి మీద కాకుండా కింద దింపి, పది నిమిషాలు ఉంచి వంపేయండి. చన్నీళ్ళ కన్నా వేడినీళ్ళు చక్కెరను ఎక్కువగా లాగేస్తాయి. రంగు తేడా కంటికి తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆరబెట్టడం. చిల్లుల గిన్నెలో వార్చి, పాత నూలు పంచె పరిచి, ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా పరవండి. పైన ఇంకో తుండు వేసి అరచేత్తో అద్దండి. ఫ్యాను కింద అరగంట చాలు. వానాకాలం అరగంటకి కూడా చెమ్మ పోకపోతే ఒక చెంచాడు బియ్యప్పిండి చల్లి పైపైన కలపండి. మిగిలిన తడిని పిండి పీల్చుకుని ముక్కకి పలచటి పెళుసు పొర ఇస్తుంది. కొందరు శనగపిండి కలుపుతారు. అలా చేస్తే పకోడీ వాసన వస్తుంది, దుంప రుచి వెనక్కి పోతుంది.

ముక్క తడిగా నూనెలో పడితే ఏమవుతుంది? మూకుడులోని వేడి ముందు ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అంతసేపూ ముక్క వేగదు, ఆవిరికి ఉడుకుతుంది. ఉడికాక ఎర్రబడటం మొదలయ్యేసరికి అంచులు చిదిరి ఉంటాయి.

మూకుడు, నూనె

ఇనప మూకుడు ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు. బరువుగా ఉండి వేడి పట్టి ఉంచుతుంది, ముక్కలు పడగానే చల్లారిపోదు. పలచటి స్టీలు గిన్నె ఈ పనికి అస్సలు పనికిరాదు. నాన్‌స్టిక్‌లో అంటుకోదు గానీ ఇనుములో వచ్చే ఆ ఎర్రటి పొర రాదు. ముప్పావు కిలోకి అడుగున్నర కాకపోయినా కనీసం అడుగు వెడల్పున్న మూకుడు కావాలి. ముక్కలు ఒక వరసలో, మహా అయితే ఒకటిన్నర వరసలో ఉండాలి. ఎనిమిదిమందికి చేయాలంటే రెండు వాయిలు వేయండి. ఒకే వాయిలో కుక్కితే అడుగువి మాడతాయి, పైవి మగ్గుతాయి.

నూనె ఆరు పెద్ద చెంచాలు, అంటే దాదాపు 90 మిల్లీలీటర్లు. వేరుశనగ నూనె మొదటి ఎంపిక. తవుడు నూనె కూడా బాగుంటుంది, ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, దుంప రుచికి అడ్డు రాదు. పామాయిల్ పెళుసు బాగా ఇస్తుంది గానీ చల్లారాక నోట్లో పొర కడుతుంది. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థే ఉంది, చుట్టుపక్కల తోటలూ ఉన్నాయి, అయినా ఈ వేపుడికి నా ఓటు వేరుశనగ నూనెకే. నూనె మరీ తగ్గించి చేస్తామంటే అది వేరే వంటకం. బాగుండొచ్చు, కానీ దాన్నుంచి ఈ కరకర ఆశించకండి.

వేయించడం

ఖాళీ మూకుడుని రెండు నిమిషాలు కాలనిచ్చి తర్వాత నూనె పోయండి. నూనె కాగాక చెంచాడు శనగపప్పు, చెంచాడు మినప్పప్పు, అర చెంచా ఆవాలు, అర చెంచా జీలకర్ర, మూడు ఎండుమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు. ఇవి వేగగానే చిల్లుల గరిటెతో తీసి పక్కన పెట్టండి. చాలా ఇళ్ళలో పోపు అందులోనే వదిలేసి దాని మీదే ముక్కలు పోస్తారు. పాతిక నిమిషాలు వేగేసరికి మినప్పప్పు నల్లబడి, కరివేపాకు బూడిదై, ఆ చేదంతా ముక్కకి పడుతుంది. తీసి పెడితే వాసన నూనెలో ఉండిపోతుంది, పప్పులు చివర్లో కరకరలాడుతూ తిరిగొస్తాయి.

పెద్ద మంట మీద ముక్కలు వేసి, ఒక్కసారి పరిచినట్టు సర్ది, చేయి తీసేయండి. మూడు నిమిషాలు ముట్టుకోవద్దు. ఎక్కువమందికి టెన్షన్ వచ్చేది ఇక్కడే. అంటుకుంటుందేమోనని అట్లకాడ పెట్టి గోకుతారు. మొదట్లో ముక్క మూకుడుని కాస్త పట్టుకుంటుంది. అడుగున పొర కట్టాక దానంతటదే వదిలేస్తుంది. వదలకముందు గోకితే ఆ పొర మూకుడుకే ఉండిపోతుంది, ముక్క బోసిగా బయటికొస్తుంది.

మూడు నిమిషాలయ్యాక అట్లకాడని అడుగుదాకా పోనిచ్చి ఎత్తి తిరగేయండి. కలపడం కాదు, తిరగేయడం. మంట మధ్యస్థంగా పెట్టి రెండు మూడు నిమిషాలకి ఒకసారి ఇలా చేస్తూ ఉండండి. మూత పెట్టకండి. మూత మీద పట్టిన ఆవిరి చుక్కలై మళ్ళీ ముక్కల మీదే పడుతుంది. ఇందాక పంచె మీద ఆరబెట్టిందంతా దండగ. నూనె బాగా తగ్గించి చేసే వాళ్ళకి ముక్క లోపల ఉడకదు కాబట్టి మొదటి నాలుగు నిమిషాలు మూత తప్పదేమో. అప్పుడు తీసేటప్పుడు మూతని వంచకుండా పక్కకి జరిపి, గుడ్డతో తుడవండి.

నిమిషాల లెక్క పొయ్యిని బట్టి మారుతుంది. చెవిని నమ్మండి. ముక్కలు పడగానే చుయ్యిమని పెద్ద చప్పుడు, పైకి ఆవిరి. అది నీరు పోతున్న చప్పుడు. పది పన్నెండు నిమిషాలకి ఆ చప్పుడు తగ్గి చిటపటలు మిగులుతాయి, ఆవిరి పలచబడుతుంది. అప్పుడు ఒక ముక్కని చాకు మొనతో పొడవండి. సులువుగా దిగితే లోపల ఉడికినట్టు. ఇక మిగిలింది పైపొర గట్టిపడటమే.

ఉప్పు ఇప్పుడు వేయండి, దాంతో పాటే పావు చెంచా పసుపు. ముప్పావు కిలోకి చెంచాంపావు ఉప్పు సరిపోతుంది. మొదట్లోనే వేస్తే ఉప్పు ముక్కలోంచి నీటిని పైకి లాగుతుంది, నూనె చిందుతుంది, పొర కట్టడం ఆలస్యమవుతుంది. మరీ దించాక వేస్తే ఉప్పు లోపలికి పట్టదు, పైన పలుకులుగా తగులుతుంది. పొర సగం కట్టిన ఈ దశలో వేస్తే రెండు ఇబ్బందులూ ఉండవు. ఇంకో అయిదారు నిమిషాలు మధ్యస్థం మంట మీద తిప్పండి.

రంగు ఎక్కడ ఆపాలి? ముదురు బంగారు రంగు దగ్గర. గోధుమ దాటి ఎరుపు నలుపుల్లోకి పోతే చేదు ఒక్కటే కాదు. పిండి ఉన్న పదార్థాల్ని 120 డిగ్రీలు దాటిన వేడిలో బాగా నల్లగా వేయిస్తే ఆక్రిలమైడ్ అనే పదార్థం పెరుగుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. దుంపలో చక్కెర ఎంత ఎక్కువుంటే అది అంత ఎక్కువ తయారవుతుంది. పాత దుంపని ఆరబెట్టి వాడమన్నదీ, వేడినీళ్ళతో కడగమన్నదీ రుచి కోసమే కాదు.

కారం

ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే కచ్చాపచ్చాగా దంచి, చివరి రెండు నిమిషాల్లో వేసి తిప్పండి. పొయ్యి కట్టేశాక చెంచాన్నర కారం చల్లండి. పొడి కారం ఆ వేడి నూనెలో క్షణాల్లో మాడుతుంది, దగ్గు తెప్పిస్తుంది, రంగు పోతుంది. పొయ్యి కట్టేసిన మూకుడు వేడి దానికి చాలు. తీసి పెట్టిన పోపు వేసి ఒకసారి ఎగరేయండి. మూకుడుని ఒక పక్కకి వంచి రెండు నిమిషాలు ఉంచితే మిగులు నూనె ఆ పక్కకి దిగుతుంది. ముక్కల్ని ఇవతలికి తోసి పళ్ళెంలోకి తీసేయండి. ఇనప మూకుడులోనే వదిలేస్తే మిగిలిన వేడికి అడుగువి మాడతాయి, నిలవ ఉంటే ఇనుము వాసన కూడా వస్తుంది.

కొత్తిమీర చల్లుతారా? నేనైతే చల్లను. తడి ఆకు.

కొబ్బరికారంతో

అంబాజీపేట మార్కెట్ చుట్టూ బతికే వాళ్ళకి కొబ్బరి లేని వేపుడు వెలితిగా ఉంటుంది. ఇక్కడ కూడా నీటి లెక్కే. పచ్చికొబ్బరి కోరు వేస్తే అయిదు నిమిషాల్లో వేపుడు మెత్తబడిపోతుంది. పచ్చిదే వాడాలనుకుంటే కోరుని విడిగా సన్నసెగ మీద ఎర్రగా, పొడిపొడిగా అయ్యేదాకా వేయించుకోండి. అంతకన్నా కురిడీ, అంటే ఎండుకొబ్బరి, సుఖం.

ఎనిమిది ఎండుమిరపకాయలు, పెద్ద చెంచాడు చొప్పున శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, చిన్న చెంచా జీలకర్ర నూనె చుక్కతో దోరగా వేయించి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద మిక్సీలో వేస్తే ఆవిరి పట్టి పొడి ముద్దవుతుంది. చెంచా ఉప్పు వేసి బరకగా తిప్పాక, నాలుగు పెద్ద చెంచాల కురిడీ తురుము, అయిదు వెల్లుల్లి రెబ్బలు వేసి రెండే రెండు సార్లు తిప్పి ఆపండి. కొబ్బరి ఎక్కువ తిరిగితే నూనె వదిలి ఉండ కడుతుంది. ఈ పొడి వేసేటప్పుడు ముక్కల్లో ఉప్పు సగానికి తగ్గించాలి, మామూలు కారం మానేయాలి. మిగిలిన పొడి వంకాయ, దొండకాయ వేపుళ్ళకి వారం రోజులు పనికొస్తుంది.

పెళ్ళి విస్తరిలోది

విందు వేపుడు వేరు. దాన్ని మునిగే నూనెలో, రెండుసార్లు వేయిస్తారు. ముక్క కాస్త చిన్నదిగా, ఒక సెంటీమీటరు కోయండి. కడగడం, ఆరబెట్టడం పైన చెప్పినట్టే, ఇంకా శ్రద్ధగా. ఇక్కడ తడి ఉంటే నూనె పొంగి పొయ్యి మీద పడే ప్రమాదం కూడా ఉంది.

మొదటి వాయికి నూనె మధ్యస్థంగా కాగాలి. ముక్క వేస్తే అడుగుకి వెళ్ళి నిదానంగా పైకి తేలాలి. అయిదారు నిమిషాలు, ముక్క ఉడికి, రంగు మారకముందే తీసి వెడల్పాటి పళ్ళెంలో పరిచేయండి. పది నిమిషాల నుంచి గంట దాకా అలా ఉండొచ్చు. పెళ్ళి వంటవాళ్ళకి ఇదే సౌకర్యం, ముందుగా మొదటి వాయి అయిపోతే బంతి కూర్చునే ముందు రెండో వాయి చూసుకోవచ్చు. ఈ విరామంలో ముక్క మధ్యలో మిగిలిన తేమ పైపొరకి చేరుతుంది. రెండోసారి బాగా కాగిన నూనెలో రెండు మూడు నిమిషాలు వేస్తే ఆ తేమ పోయి పొర గట్టిపడుతుంది. నురగ బాగా తగ్గిపోయి ముక్కలు తేలికగా గలగలమంటే తీసేయాలి.

జీడిపప్పు లేకుండా విందు వేపుడు వేయరు. కోనసీమలో మోరి జీడిపప్పుకి పేరున్న ఊరు. బద్దలు కొనండి, గుళ్ళు ఇందులో దండగ. యాభై అరవై గ్రాములు ఆ నూనెలోనే, మంట బాగా తగ్గించి, రంగు తిరగడం మొదలవగానే తీసేయండి, బయటికొచ్చాక కూడా అవి ఇంకాస్త వేగుతాయి. కరివేపాకు తడి లేకుండా తుడిచి గుప్పెడు వేయించండి. అన్నీ పళ్ళెంలో కలిపి, ముక్క వేడిగా ఉండగానే ఉప్పూ కారం చల్లి ఎగరేయాలి. వార్చిన ముక్క మీద నూనె తక్కువ ఉంటుంది కాబట్టి చల్లారాక వేస్తే కారం అంటదు, పళ్ళెం అడుగున రాలిపోతుంది.

చెడితే

చిదిరిపోయిందనుకోండి. ఇంకా వేయించి బాగుచేయాలని చూడకండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి కలిపి ముద్దకూర చేసేయండి, సాయంత్రం బొండాల్లోకి కూడా వస్తుంది. ఉప్పెక్కువైతే పుట్నాలపప్పు పొడి రెండు చెంచాలు. తియ్యదనం తగులుతుంటే కారం పెంచకండి, వెల్లుల్లి పెంచండి. అంచులు మాడితే వాటిని ఏరేయడం తప్ప మార్గం లేదు.

చల్లారి మెత్తబడిన వేపుడుకి మైక్రోవేవ్ పనికిరాదు, ఇంకా మెత్తబడుతుంది. నూనె వేయకుండా ఇనప పెనం మీద పరిచి, మూత లేకుండా, మధ్యస్థం మంట మీద నాలుగు నిమిషాలు ఉంచండి. కారం వేసిన ముక్కలు కాబట్టి పెద్ద మంట వద్దు.

క్యారియరులోకి సర్దేటప్పుడు వేడి మీద మూత బిగించొద్దు. పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పూర్తిగా చల్లారనిచ్చి, గిన్నె అడుగున కాగితపు రుమాలు వేసి సర్దండి. అన్నం గిన్నె వేడిగా ఉంటే వేపుడు గిన్నెని దాని మీద కాకుండా అన్నిటికన్నా పైన పెట్టండి. ముసురు రోజుల్లో ఇంత చేసినా మధ్యాహ్నానికి కొంత మెత్తబడుతుంది. ఆ రోజుల్లో కొబ్బరికారం వేసినదే పంపడం నయం, మెత్తబడినా రుచి తగ్గదు.

విస్తరిలో

వేపుడుకి జోడీ పప్పుచారు. ముద్దపప్పు నెయ్యి కూడా సరే, మజ్జిగ పులుసు కూడా సరే, కానీ పలచగా, పుల్లగా ఉన్న పప్పుచారు అన్నంలో కలుపుకుని ముద్ద ముద్దకీ రెండేసి ముక్కలు నంజుకోవడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదని నా పక్షపాతం. అన్నం మీద వడ్డించకండి, పక్కన వేయండి. వేడన్నం ఆవిరి కూడా నీరే. వేపుడు పొయ్యి మీద ఉండగానే చారు దించి పెట్టుకోండి, వడ్డన మొదలుపెట్టాకే కారం చల్లండి.